కీళ్ళవాతం, స్టెరాయిడ్లు: మా ఇంటి అనుభవం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద మమ్మల్ని పిల్లల చదువుల గురించే మాట్లాడమనేవారు. ఈసారి జబ్బు గురించి మాట్లాడతామని మేమే అడిగాం. రెండేళ్ళుగా వైద్య సాయం కోసం వచ్చే దరఖాస్తులు చదివే పని సొసైటీ మాకు అప్పగించింది. వాటిలో 'కీళ్ళ నొప్పులకు మందులు' అని రాసినవి తక్కువేం కాదు. ఏ మందులమ్మా అని అడిగితే చాలామంది పేరు చెప్పలేరు. తెల్ల మాత్ర, చిన్న మాత్ర అంటారు. ఒకప్పుడు మేమూ అంతే చెప్పగలిగాం.

జబ్బు వచ్చింది మా ఇంటావిడకు. అయినా 'మేము' అనే చెబుతాం. మాత్ర మింగింది ఆమె ఒక్కతే గానీ, దాని ప్రతాపం ఇంటిల్లిపాదీ చూశాం.

మొదట వేళ్ళతో మొదలైంది. ఫజరుకు లేచి వుజూ చేయబోతే కొళాయి తిప్పలేకపోయేది. గంట గడిస్తే గానీ పిడికిలి పట్టేది కాదు. రెండు చేతుల కణుపులూ ఒకే తీరుగా వాచాయి. వయసు మీద పడ్డాక మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే తిరగబడి కీళ్ళ లోపలి పొరల మీద పడుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో రెండు మూడింతలు ఎక్కువ.

అప్పట్లో మాకు ఇవేవీ తెలియవు. ఒకచోట మంచి మందు ఇస్తారంటే వెళ్ళాం. ఊరి పేరు, మనిషి పేరు చెప్పము. కాగితం పొట్లంలో మాత్రలు ఇచ్చారు. పేరు లేదు, చీటీ లేదు. మూడో రోజుకి మా ఇంటావిడ తన చేత్తో పిండి పిసికి రొట్టెలు చేసింది. ఆ రోజు మా ఇంట్లో పండగే. ఆ మనిషిని ఎంత పొగిడామో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇంకో నలుగురికి మేమే దారి చూపించాం కూడా.

రెండు నెలలు తిరిగేసరికి బుగ్గలు నిండాయి, ముఖం గుండ్రంగా అయింది. పెళ్ళిలో కలిసిన చుట్టాలు 'మాషా అల్లా, ఒళ్ళు చేశావు' అన్నారు. అది వాపని ఎవరికీ తోచలేదు. ముంజేతుల మీద గాజు తగిలినా కమిలి నల్లటి మచ్చ పడేది. ఆకలి ఎక్కువైంది. ఒక వారమంతా ఎక్కిళ్ళు. ఎక్కిళ్ళు కూడా మందు పనేనని డాక్టరు చెప్పినప్పుడు మేము నమ్మలేదు, నిజమేనట.

ఇవన్నీ ఒక ఎత్తు, నిద్ర ఒక ఎత్తు. ఒకరాత్రి రెండు గంటలకు వంటింట్లో చప్పుడైతే లేచి చూశాం. అటక మీది స్టీలు సామానంతా దించి, నేల మీద పరచుకుని, చింతపండు పెట్టి తోముతోంది. 'నిద్ర రావడం లేదండీ, ఒంట్లో ఎంత బలంగా ఉందో' అంది, నవ్వుతూ. నాలుగు రాత్రులు అంతే. ఐదో రోజు ఆ నవ్వు పోయింది. పక్కింటివాళ్ళు మన గురించే గుసగుసలాడుతున్నారంది, తలుపులకు రెండేసి గడియలు పెట్టింది. చిన్నపిల్ల అన్నం వద్దన్నందుకు పళ్ళెం విసిరేసింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆమె గొంతు పెంచి మాట్లాడగా మేము వినలేదు.

మా అమ్మ భయపడి 'నజర్ లగీ బేటా' అంది. తాయెత్తు కట్టించారు. దర్గాకు తీసుకుపోదామన్నారు ఒకరు, పిచ్చాసుపత్రి అన్నారు మరొకరు. దువా చేయించడం తప్పని మేము అనడం లేదు, చేయించాం కూడా. కానీ ఆ పొట్లం వంక ఎవరమూ చూడలేదు. నొప్పి తగ్గించిన మందు మనసును తిప్పుతుందని ఎవరు అనుకుంటారు? స్టెరాయిడ్లకు ఆ గుణం ఉంది. 1972లో బోస్టన్ నగర పరిశోధకులు ఆసుపత్రుల్లో ప్రెడ్నిసోన్ వాడుతున్న రోగులను గమనించి లెక్క తీశారు. రోజుకు నలభై మిల్లీగ్రాములు, అంతకు లోపు వాడినవారిలో నూటికి ఒకరికి కొంచెం పైగా ఇలా మనసు చెదిరింది. ఎనభై దాటినవారిలో నూటికి పద్దెనిమిది మందికి. మా పొట్లంలో ఎన్ని మిల్లీగ్రాములుందో మింగిన మనిషికీ తెలియదు, ఇచ్చిన మనిషి చెప్పలేదు.

కాలేజీలో చదివే మా పెద్దమ్మాయి మాత్ర ఒకటి తీసుకుపోయి తెలిసిన ఫార్మసిస్టుకు చూపించింది. స్టెరాయిడ్ కావచ్చన్నాడతను. అంతే, ఆ రాత్రే మిగిలిన మాత్రలన్నీ కాలవలో పోశాం. గొప్ప పని చేశామనుకున్నాం. మేము చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు అదే.

నాలుగో రోజుకు వాంతులు, కళ్ళు తిరగడం. మంచం మీంచి లేచి నిలబడితే కూలబడిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికి బీపీ బాగా పడిపోయింది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ మన ఒంటికి కావాల్సిన కార్టిసాల్ తయారు చేస్తాయి. సుమారుగా ఐదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సమానం. బయటి నుంచి నెలల తరబడి అంతకు మించి పోస్తే, ఇక మాతో పనేముందని అవి పడుకుంటాయి. మందు ఆపిన మర్నాడే లేవమంటే లేవవు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ లోపు జ్వరమో వాంతులో వస్తే ప్రాణం మీదికి వస్తుంది. చెబితే నవ్వుతారు, వినాళ గ్రంథుల పాఠం ఏటా పదో తరగతికి చెప్పేది మేమే. బోర్డు మీద బొమ్మ గీసి రంగు చాకుపీసులతో పేర్లు రాస్తాం.

డాక్టరు ఆమెకు అదే జాతి మందు మళ్ళీ ఇచ్చారు. ఈసారి పేరుతో, లెక్కతో. పొద్దున ఫలహారం తిన్నాక ఒక్కసారే. కార్టిసాల్ సహజంగా పొద్దునే ఎక్కువగా ఉంటుంది కాబట్టి మందూ అప్పుడే పడితే రాత్రి నిద్రకు అడ్డు తగ్గుతుందన్నారు. నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించారు. మనసు మూడు వారాల్లో కుదుటపడింది. తలుపుల గడియల సంగతి గుర్తు చేస్తే ఇప్పటికీ తల దించుకుంటుంది. అందుకే మేము గుర్తు చేయము. ఈ సభలో చెప్పడానికి కూడా ఆమె అనుమతి అడిగే వచ్చాం.

స్టెరాయిడ్లను తిట్టడానికి మేము రాలేదు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్ళవాతంతో నడవలేని ఇరవై తొమ్మిదేళ్ళ స్త్రీకి మొదటిసారి ఈ మందు సూది ఇస్తే, కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకూ, కెండాల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. దుష్ఫలితాలూ ఆ తొలి ఏళ్ళలోనే బయటపడ్డాయి. మంట ఆర్పడానికి పనికొచ్చే నీళ్ళే ఇల్లు ముంచుతాయని ఆ డాక్టర్లు తొందరగానే తెలుసుకున్నారు. ఊళ్ళలో పొట్లాలు కట్టేవాళ్ళు ఇంకా తెలుసుకోలేదు, లేదా తెలిసే కడుతున్నారు.

కీళ్ళు వంకరపోకుండా అసలు కాపాడే మందు వేరే ఉంది. దాని వెనుక మన తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో చేసిన ఫోలిక్ ఆమ్లం పరిశోధన నుంచే మెథోట్రెక్సేట్ పుట్టింది. ఆయన 1948 ఆగస్టులో చనిపోయారు. హెంచ్ తొలి సూది ఇచ్చింది సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే. క్యాన్సరుకని వచ్చిన మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి ముఖ్యమైన మందు అయింది. పని మొదలుపెట్టడానికి నెలా రెండు నెలలు పడుతుంది, మూడోరోజుకే రొట్టెలు చేయించదు. అందుకే జనం దీన్ని నమ్మరు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది. మా ఇంట్లో శుక్రవారం పెట్టుకున్నాం, జుమా రోజును ఎవరూ మరచిపోరు కదా.

మందు మొదలుపెట్టేముందు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండేదా అని. మా మామగారికి ఉండేది, ఆరోగ్యవరంలో నెలల తరబడి ఉన్నారు. 1912లో మొదలైన ఆ శానిటోరియం పేరు మన జిల్లాలో తెలియనిదెవరికి? ఒంట్లో ఏళ్ళ తరబడి నిద్రపోయే క్షయను స్టెరాయిడ్ లేపగలదట. ఛాతీ ఎక్స్‌రే తీసి చూశాకే ముందుకు వెళ్ళారు. పొట్లం ఇచ్చిన మనిషి ఈ ప్రశ్న అడగలేదు.

షుగరు సంగతి ఒకటి చెప్పి తీరాలి. పొద్దున వేసుకునే ప్రెడ్నిసోలోన్ చక్కెరను మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది. పరగడుపు పరీక్ష మామూలుగానే రావచ్చు. మాకు రెండు నెలలు అలాగే వచ్చింది, మధ్యాహ్నం భోజనమయ్యాక చూస్తే గానీ దొరకలేదు. తొడల బలం తగ్గడం ఇంకొకటి. నొప్పేమీ ఉండదు, సజ్దా నుంచి లేవబోతే కాళ్ళు లేపవు, అంతే. కుర్చీలో కూర్చుని నమాజు చదవడానికి ఆమె మొదట్లో నామోషీ పడింది. గజ్జలో నొప్పి వస్తే మాత్రం ఊరుకోకూడదు, తుంటి ఎముకకు రక్తం అందక అది దెబ్బతింటోందేమో చూపించాలి. కళ్ళు ఏటా చూపిస్తున్నాం. రంజానులో ఉపవాసం ఉండవచ్చా లేదా అన్నది డాక్టరునూ, మన ఆలింనూ ఇద్దరినీ అడిగాం. మొదటి ఏడు వద్దన్నారు, ఫిద్యా ఇచ్చాం. ఆమె ఏడ్చింది. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును కాదనడానికి మనమెవరమని మా అమ్మే ఓదార్చింది.

ఇక దాతలకు మా మనవి. స్టెరాయిడ్ మాత్ర చాలా చౌక. పేదవాళ్ళు దాని మీదే ఏళ్ళు గడపడానికి అదే కారణం. ఖర్చంతా మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్ళకు క్రమంగా చేయాల్సిన రక్తపరీక్షలకు, లివరు పరీక్షలకు, తిరుపతికో వేలూరుకో బస్సు చార్జీలకు, ఆ రోజు పోగొట్టుకునే కూలికి. కుప్పం వైపు నుంచి వచ్చే ఒక పట్టు నేత కార్మికురాలు పరీక్షకు వెళితే రెండు రోజుల కూలి పోతుందని పొట్లానికే తిరిగి పోయింది. ఇప్పటిదాకా మనం మందుల బిల్లుకే డబ్బిస్తున్నాం. పరీక్షలకు, చార్జీలకు, కూలికి కూడా ఇవ్వాలని కమిటీకి రాసిచ్చాం. జకాత్ నుంచి ఎంత, సదఖా నుంచి ఎంత అన్నది ఆలింలు తేల్చాలి. దరఖాస్తు ఫారంలో మందు పేరు, మోతాదు రాయడానికి ఒక గడి చేర్చమన్నాం. అది ఖాళీగా వస్తే తిప్పి పంపొద్దు, ఆ మనిషిని పిలిపించాలి.

ఇప్పుడు మా ఇంటావిడ ప్రెడ్నిసోలోన్ రోజుకు రెండున్నర మిల్లీగ్రాములకు వచ్చింది. ముఖం మామూలైంది. కణుపులు రెండు వంకరగానే మిగిలాయి. కుర్చీ ఇంకా జానమాజ్ పక్కనే ఉంది.

చీటీ లేని మాత్రలు వాడుతున్నవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే శుక్రవారం నమాజు అయ్యాక మా దగ్గరికి పంపండి, డాక్టరు దగ్గరికి తోడు వస్తాం. ఆ పొట్లం చేత్తో పట్టుకుని రమ్మనండి. ఈ లోపల మాత్రం మాత్ర ఆపవద్దని చెప్పండి.