రెండోసారి వచ్చిన డాక్టర్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరు పళ్ళ గురించి మాట్లాడడమేమిటని మీకనిపించవచ్చు. ముప్పై ఏళ్ళుగా నా పని ఊళ్ళకు తాగునీళ్ళు అందించడం. మన నల్గొండ జిల్లాలో నీళ్ళ సంగతి ఎత్తితే పళ్ళ సంగతి రాక తప్పదు.

మా పదో తరగతి గ్రూప్ ఫోటోలో రెండో వరసలో ఒకడు నోరు గట్టిగా మూసుకుని ఉంటాడు. వాణ్ణి మేం ‘గారపళ్ళోడా’ అని పిలిచేవాళ్ళం. అందరికన్నా ఎక్కువ పిలిచింది నేనే. బొగ్గుపొడితో చిగుళ్ళు నెత్తురు కారేదాకా తోముకునేవాడని తర్వాత తెలిసింది. పాపం, ఎంత తోమినా అది పోయేది కాదు. పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే పంటి ఎనామెలే అలా ఏర్పడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మన బోర్లలో చాలావాటికి ఆ హద్దు లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. మన జిల్లా పేరు పుస్తకాలకెక్కింది ఇలా!

కొన్నేళ్ళ కింద ఒక డెంటల్ కాలేజీ హౌస్ సర్జన్లు ఒక ఊళ్ళో శిబిరం పెట్టి, నీళ్ళ గురించి చెప్పమని నన్ను పిలిచారు. ఆరోజు కరెంటు పోయింది, డ్రిల్ ఆగింది. ఒక అవ్వను పన్ను తీయించుకోమంటే, “రేపు పత్తి ఏరుడుంది బిడ్డా. నొస్తే నా కూలి ఎవరిస్తరు?” అంది. ఆ పిల్లడాక్టరు దగ్గర జవాబు లేదు. క్లాసులో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

నేను మెచ్చుకున్నది, వాళ్ళు మళ్ళీ రావడం. ఈసారి ముందే ఆడవాళ్ళనడిగి, పత్తి పనులయ్యాక వచ్చారు. కరెంటు అక్కర్లేని పద్ధతి నేర్చుకుని వచ్చారు. దాన్ని ఏఆర్‌టీ అంటారట. 1980లలో టాంజానియాలో మొదలైంది. చేతి పనిముట్లతోనే పుచ్చు తీసి, గ్లాస్ అయోనమర్ సిమెంటు నింపుతారు. సిమెంటంటే నాకు తెలిసింది బస్తాల్లో వచ్చేదే! ఆ సిమెంటు నుంచి కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ విడుదలవుతుందని విని ఆశ్చర్యపోయాను. మోతాదు మించితే మన పళ్ళు చెడగొట్టేదే, కొంచెమైతే పుచ్చకుండా కాపాడుతుంది.

అవ్వ ఆరోజు పన్ను తీయించుకుంది. వెళ్ళేముందు, “మళ్ళొస్తరా?” అనడిగింది. ట్యాంకు కట్టడం తేలిక, దాన్ని ఏళ్ళ తరబడి నడపడమే కష్టమని మా శాఖలో అందరికీ తెలుసు. వైద్య శిబిరమూ అంతే.

అందుకే మన సంఘానికి నా విన్నపం. జూబిలీ పేరిట ఒక్కరోజు శిబిరం, బ్యానరు, ఫోటో వద్దు. డెంటల్ కాలేజీతో మాట్లాడి, మన బడి పిల్లలకు, మన ఊరివాళ్ళకు ఆరు నెలలకోసారి, కనీసం మూడేళ్ళు పళ్ళ పరీక్ష చేయిద్దాం. ఎవరి పన్ను ఏమైందో రిజిస్టరు పెట్టి రాద్దాం. రానుపోను ఖర్చులు నేను భరిస్తాను. నేర్చుకునే పిల్లలకు మన ఊరే బడి అవుతుంది.

చివరగా, ఆ రెండో వరస మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. ఒరేయ్, క్షమించరా. సాయంత్రం గ్రూప్ ఫోటో ఉంది. ఈసారి నా పక్కన కూర్చో.

సెలవు.