పవర్ స్టీరింగు: ఇంటి దగ్గర మన జాగ్రత్తలు

(రాత్రి బడిలో చేసిన ప్రసంగం)

 

మన కేంద్రానికి వచ్చేవాళ్లలో డ్రైవర్లున్నారు. క్లీనర్లున్నారు. అప్పు చేసి కారు కొనుక్కుని కిరాయికి తిప్పేవాళ్లున్నారు. అందుకని ఈ రోజు కారు స్టీరింగు గురించి మాట్లాడుకుందాం. రిపేరు చెయ్యడం నేను నేర్పను. అది మేస్త్రీల పని. మన జవహర్ ఆటోనగర్‌లో పని తెలిసిన మేస్త్రీలకు కొదవ లేదు. కానీ మేస్త్రీ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో తెలుసుకోవడం మన పని. దానికి ఓ పాత గుడ్డ, కొంచెం చదువు ఉంటే చాలు.

పవర్ స్టీరింగు అంటే ఏమిటి?

పాత అంబాసిడర్ కారు గుర్తుందా? ఆగి ఉన్న బండి స్టీరింగు తిప్పాలంటే భుజాలు లాగేవి. ఇప్పటి కార్లలో ఒక్క చేత్తో తిప్పినా తిరుగుతుంది. ఎందుకని? బానెట్ కింద ఓ చిన్న డబ్బా ఉంటుంది. అందులో నూనె ఉంటుంది. ఇంజను బెల్టును తిప్పుతుంది. బెల్టు పంపును తిప్పుతుంది. పంపు నూనెను గట్టిగా తోస్తుంది. ఆ తోపుడే మన చేతికి సాయం.

పొలానికి నీళ్లు తోడే ఇంజను చూశారుగా? అక్కడా బెల్టు, పంపు, గొట్టమే. అక్కడ తోసేది నీళ్లు, ఇక్కడ తోసేది నూనె. అంతే తేడా. 1951లో అమెరికాలో క్రైస్లర్ అనే కంపెనీ అమ్మకపు కార్లకు దీన్ని మొదట పెట్టింది. మన ఊళ్లకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇంకో రకం కూడా ఉంది. అది కరెంటుతో పనిచేస్తుంది. ఈమధ్య వచ్చిన చిన్న కార్లలో ఎక్కువగా ఇదే. దానికి నూనె డబ్బా ఉండదు. మీ బండి ఏ రకమో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. లేదా మేస్త్రీని అడగండి.

డబ్బా చూడటం ఎలా?

పదిహేను రోజులకొకసారి చూడండి. బండిని చదునైన చోట ఆపండి. ఇంజను ఆపి, చల్లారనివ్వండి. డబ్బా మీద రెండు గీతలుంటాయి. కొన్ని బండ్లలో మూతకు పుల్ల ఉండి, గీతలు దాని మీద ఉంటాయి. కింది గీత దగ్గర మిన్ అని, పై గీత దగ్గర మ్యాక్స్ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. రెండు మాటలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. అందుకని చివరి అక్షరం చూడండి. రెండు పుల్లలు అడ్డంగా పెట్టినట్టున్న అక్షరం వస్తే అది మ్యాక్స్. నూనె ఈ రెండు గీతల మధ్య ఉండాలి.

నూనె తగ్గితే?

ఇక్కడే ముఖ్యమైన మాట చెబుతున్నాను. ఈ నూనె డీజిలు లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోసి ఊరుకుంటే మళ్లీ తగ్గుతుంది. చివరికి పంపు పాడవుతుంది. పంపు ఖరీదు ముందు నూనె ఖరీదు ఏపాటిది?

రాత్రి బండి కింద ఓ అట్టముక్క పరచండి. పొద్దున్నే చూడండి. నూనె చుక్కలు పడితే ఆ అట్ట పట్టుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లండి.

పోయాల్సి వస్తే ముందు మూత చుట్టూ గుడ్డతో తుడవండి. దుమ్ము లోపలికి పోకూడదు. మూత మీద ఏ నూనె అని రాసి ఉందో చదవండి. చాలా బండ్లకు ఏటీఎఫ్ అనే ఎర్ర నూనె పోస్తారు. అన్నిటికీ అది కాదు. బ్రేకు నూనె మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు. లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొంచెం కొంచెంగా పోసి, పై గీత దాటకుండా చూడండి.

నూనె నల్లబడినా, మాడు వాసన వచ్చినా మార్పించండి. నురగ కనబడితే గాలి దూరిందని అర్థం. తిప్పేటప్పుడు మూలిగినట్టు శబ్దం వస్తే ముందు నూనె చూడండి. కీచుమంటే బెల్టు వదులైందేమో చూపించండి. స్టీరింగు బరువైతే టైర్లలో గాలి కూడా చూడండి. గాలి తక్కువైనా బరువవుతుంది.

ఇంజను తిరుగుతుండగా బెల్టు దగ్గర చెయ్యి పెట్టవద్దు. కండువా, చీర చెంగు దోపుకోండి.

ఇవి చెయ్యవద్దు

స్టీరింగును చివరిదాకా తిప్పి అలాగే బిగబట్టి ఉంచవద్దు. నూనె వేడెక్కి పంపు మీద భారం పడుతుంది.

దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డు మీద దిగేటప్పుడు, డీజిలు కలిసొస్తుందని ఇంజను ఆపవద్దు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు కూడా గట్టిపడుతుంది. తాళం చెవి లాగితే స్టీరింగు బిగుసుకుపోతుంది. రూపాయి మిగుల్చుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

దారిలో పవర్ పోతే కంగారు పడవద్దు. స్టీరింగు తిరుగుతుంది, కాకపోతే బలం పెట్టాలి. రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. మెల్లగా వేగం తగ్గించి పక్కకు ఆపండి. మన బందరు కాలువ గట్టు లాంటి చోట ఈ సంగతి తెలియకపోతే బండి నీళ్లలో ఉంటుంది.

వరద వచ్చినప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, పాయకాపురం నీట మునిగాయి. ఇళ్లతో పాటు బండ్లూ మునిగాయి. అలా మునిగిన బండిని వెంటనే స్టార్టు చెయ్యకూడదు. డబ్బాలో నూనె పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. అంతా మార్పించాలి. కరెంటు స్టీరింగు అయితే తాళం కూడా తిప్పవద్దు. లాగించుకుని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. మామూలు రోజుల్లోనూ మీటర్ల దగ్గర స్టీరింగు బొమ్మతో దీపం వెలిగి ఆరకపోతే చూపించాల్సిందే.

అక్కలారా, ఇది మగవాళ్ల సంగతి అనుకోవద్దు. ఇంటాయన నిద్ర లేచేలోగా అట్టముక్క మీద చుక్కలు మీరూ చూడొచ్చు. ఆ బండి మీదే ఇల్లు గడుస్తోంది. దాంట్లో ఎక్కేవాళ్లు మనల్ని నమ్మి ఎక్కుతున్నారు. పలక మీద నేర్చుకున్న అక్షరాలు డబ్బా మూత మీద కూడా చదువుదాం.

సెలవు.

చదివాక మాట్లాడుకోండి:

1. మీ బండి స్టీరింగు నూనెదా, కరెంటుదా?

2. నూనె తగ్గితే పోసి ఊరుకోకూడదు. ఎందుకు?

3. వాలులో ఇంజను ఆపితే ఏమవుతుంది?