తొలి దిద్దుబాటు

శంషాబాదులోని మా అక్కయ్య ఇంటి డాబా మీద కూర్చుంటే విమానాలు తల మీదుగానే దిగుతున్నట్లుంటుంది. 2008 మార్చి 23వ తేదీన బేగంపేట నుండి ప్రయాణిక విమానాల రాకపోకలు ఇక్కడికి మారినవి. దానితోపాటు, ప్రపంచమంతటా హైదరాబాదును సూచించే హెచ్. వై. డి. అనే మూడక్షరాల సంకేతం కూడా కొత్త విమానాశ్రయానికి సంక్రమించినది. బేగంపేటకు బి. పి. ఎం. అనే వేరొక సంకేతం వచ్చినది. ఎన్నో దేశాల కంప్యూటర్ పట్టికలలో ఆ పంక్తిని దిద్దవలసి వచ్చినది. దిద్దుబాటు చిన్నదే; దిద్దకపోతే కలిగే చిక్కు చిన్నది కాదు.

ఇట్టి పట్టికలను భద్రపరచి, అడిగిన క్షణంలో వెదకి ఇచ్చే వ్యవస్థకు డేటాబేసు అని పేరు. మన ఇంటి పద్దుపుస్తకానికీ, ఊరి పహాణీకీ అది దూరపు చుట్టం. సమాచారాన్ని పరస్పర సంబంధం గల పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించినారు. ఆ బాటలోనే 1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఆచార్య మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన ఒక కృషి మొదలైనది. 1996 నుండి అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేర వ్యవహరింపబడుతున్నది. ఏ ఒక్క కంపెనీకీ అది సొత్తు కాదు. దాని మూలరచన అందరికీ తెరచిన గ్రంథం. ఎవరైనా చదువవచ్చు, ఉచితంగా వాడుకొనవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. అట్లు పంపే దిద్దుబాటునే ప్యాచ్ అంటారు.

మా మేనకోడలు ఇంజనీరింగు చదివి ఉద్యోగంలో చేరి రెండేండ్లయినది. ఆ డేటాబేసు వివరణగ్రంథంలోని ఒక వాక్యం ఆమెను ఒక పూటంతా తప్పుదారి పట్టించినది. పుస్తకం చెప్పినది ఒకటి, కంప్యూటరు చేసినది మరొకటి. తప్పు తనది కాదని తేలిన తరువాత, దానిని దిద్దాలనే కోరిక పుట్టినది. కాని పంపడానికి నెల రోజులు వెనుకాడినది. “లోకమంతా చూస్తుంది మామయ్యా! నా ఇంగ్లీషు చూచి నవ్వుతారేమో” అన్నది. మా అక్కయ్య బాధ వేరు. “జీతం లేని కొలువు నీకెందుకే?” అని ఆమె ప్రశ్న.

ప్యాచ్ స్వరూపం చాల సరళమైనది. తీసివేసిన పంక్తికి ముందు తీసివేత గుర్తు, చేర్చిన పంక్తికి ముందు కూడిక గుర్తు ఉంటాయి. దానికి, ఈ మార్పు ఎందుకు అవసరమో తెలిపే ఉత్తరం జోడించి, అందరూ చదివే చోటికి ఈమెయిలులో పంపాలి. మా అమ్మాయి చివరకు ధైర్యం చేసి పంపినది.

రెండు రోజులలో రెండు జవాబులు వచ్చినవి. ఇదే పొరపాటు మరొక పుటలోను ఉన్నది, దానిని కూడ దిద్దుమని ఒకరు. వాక్యం పొడుగైనది, తగ్గించుమని వేరొకరు. అమ్మాయి ముఖం చిన్నబోయినది. అప్పుడు నేను నా తొలి ప్రసంగం సంగతి చెప్పినాను. దాని ప్రతి నాకు ఎర్రసిరాతో నిండి తిరిగివచ్చినది. ఆ రాత్రి అవమానమనుకొన్నాను. మరునాడు మైకు ముందు చదివేటప్పుడు, దిద్దినవారు నాకు ఎంత మేలు చేసినారో అర్థమైనది.

ఆమె రెండవ ప్రతి, మూడవ ప్రతి పంపినది. అక్కడ ఒక మంచి ఆచారం ఉన్నది. తన ప్యాచ్‌ను ఇతరులు పరిశీలించాలని కోరేవారు, తామూ మరొకరి ప్యాచ్‌ను పరిశీలించాలి. ఈ పరిశీలనకు జూలై మొదలు మార్చి వరకు, నెల విడిచి నెల, ప్రత్యేకంగా వ్యవధి కేటాయిస్తారు. ఆమె కూడా ముఖమెరుగని ఒక పరదేశి రచనను తన కంప్యూటరులో నడిపి, పరీక్షించి, ఫలితం వ్రాసి పంపినది. ఇంతమంది చూచిన పిదప కూడా, మూలంలో చేర్చే అధికారం కొద్దిమందికే ఉన్నది. చేర్చిన తరువాత, స్వచ్ఛందంగా నడిచే ఎన్నో రకాల కంప్యూటర్లు కొత్త రూపాన్ని మళ్ళీ పరీక్షిస్తాయి. ఆ కంప్యూటర్లకు పశుపక్ష్యాదుల పేర్లు పెట్టడం అక్కడివారి సరదా.

చివరకు ఆమె దిద్దుబాటు అంగీకరింపబడినది. ఆమె మాటలలో ఒక్క వాక్యమే మిగిలినది. తక్కినది పెద్దలు మార్చినారు. అయినా మార్పుల చరిత్రలో వ్రాసినవారుగా ఆమె పేరు, పరిశీలించినవారుగా ఆ ఇద్దరి పేర్లు నిలిచినవి.

ఇక మా అక్కయ్య ప్రశ్న. అది కొట్టివేయదగినది కాదు. అక్కడ పనిచేసేవారిలో చాలమందికి వారి కంపెనీలే జీతమిస్తున్నవి. ఇంటి బాధ్యతలున్నవారికి తీరిక దొరకడం కష్టం. అందరూ చేయాలని నేననను. కాని మా అమ్మాయి ప్రతిదినం కార్యాలయంలో ఆ డేటాబేసునే ఉచితంగా వాడుతున్నది. ఊరందరూ నీరు తోడుకొనే బావిలో పూడిక తీయడానికి ఇంటికొక మనిషి వెళ్ళడం మనం ఎరుగనిదా? ఈ మాట విని అక్కయ్య, “సరే, నిద్ర మాత్రం చెడగొట్టుకోకు” అన్నది.

మీ ఇంట కంప్యూటరు విద్య నేర్చే పిల్లలుంటే ఒక్కటి చెప్పండి. తొలి ప్రయత్నం చిన్నదిగా ఉండనిమ్మనండి. తప్పిన ఒక అక్షరం చాలు, తెలియని ఒక వాక్యం చాలు. తిరిగి వచ్చిన ప్రతిని చూచి కుంగవద్దనండి. దిద్దేవారు మన వ్రాతను దిద్దుతారు, మనలను కాదు. ఈ తేడా తెలిసిన పిల్లవానికి రెండవ ప్రతి వ్రాయడం కష్టం కాదు.