ఇప్ప గింజ డబ్బాలో బతకదు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కోకాపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉట్నూరు, ఏటూరునాగారం, మన్ననూరు, పాడేరు వైపుల నుంచి చదువుకోసం, ఉద్యోగం కోసం వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడిన వాళ్ళం మనం. 2023 ఆగస్టులో ఈ కోకాపేటలోనే వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఇంత ఖరీదైన నేల మీద చెట్టుకు చోటు అడగడం కష్టమే. అయినా మన సంఘం తరఫున ఈ రోజు చెట్ల గురించే మాట్లాడదలిచాం.

ఇక్కడికి దగ్గరలోనే, కొత్తగూడ రిజర్వు అడవిలో, 274 ఎకరాల కొండాపూర్ బొటానికల్ గార్డెన్ ఉంది. మనలో చాలామందికి అది పొద్దున్నే నడకకు వెళ్ళే చోటు. కానీ బొటానికల్ గార్డెన్ అనే మాటకు అసలు అర్థం వేరు. ఈ మొక్క ఏ అడవి నుంచి వచ్చింది, ఏ తల్లిచెట్టు గింజ, ఎప్పుడు నాటారు అన్నది రాసిపెట్టుకుని పెంచే తోట అది. ఆ రాత లేకపోతే అది పార్కు.

ఆ తోటలతో ఏం ఒరుగుతుందని అడగవచ్చు. అమెరికాలోని జార్జియాలో అల్టమాహా నది ఒడ్డున ఫ్రాంక్లినియా అనే తెల్లపూల చెట్టు ఉండేది. బార్‌ట్రామ్ అనే తండ్రీకొడుకులు 1765లో దాన్ని చూశారు. తర్వాత కొడుకు గింజలు తెచ్చి ఫిలడెల్ఫియాలోని తమ తోటలో మొలిపించాడు. 1803 తర్వాత అడవిలో ఆ చెట్టు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు లోకంలో ఉన్న ఫ్రాంక్లినియాలన్నీ ఆ తోట సంతానమే. ప్రపంచంలో సుమారు 60,000 చెట్ల జాతులుంటే, వాటిలో 17,500 ప్రమాదంలో ఉన్నాయని 2021లో బొటానిక్ గార్డెన్స్ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ తేల్చింది. మన శేషాచలం కొండల ఎర్రచందనం, తంబజాలారి కూడా ఆ ప్రమాదంలో ఉన్నవే.

గింజలు దాచుకుంటే సరిపోదా అంటారేమో. జొన్న గింజను ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో పెడితే మరుసటి ఏడు మొలుస్తుంది. ఇప్ప గింజ అలా కాదు. తడి ఆరితే చచ్చిపోతుంది, కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. జాలారి, సాల జాతుల గింజలూ అంతే. వీటిని డబ్బాలో దాచలేం, చెట్టుగా పెంచుతూనే కాపాడాలి. అదీ ఒక్క చెట్టు చాలదు. ఒకే తల్లి పిల్లలన్నీ ఒకే తెగులుకు పోతాయి. అందుకే వేరువేరు అడవుల నుంచి, వేరువేరు తల్లిచెట్ల నుంచి తేవాలి.

ఇప్ప ఇంకా అంతరించే జాబితాలో లేదు కదా అని ఊరుకోవద్దు. ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకుందాం. పూలు ఏరడానికి వీలుగా ఉంటుందని చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతాం. ఆ మంటకు మొలకలు మాడిపోతాయి. పువ్వూ ఏరి, నూనె కోసం గింజా ఏరితే నేలకు మిగిలేది ఎంత? తాతల నాటి చెట్లు నిలబడి ఉన్నాయి, వాటి కింద పిల్లచెట్లు ఏవి? తపసి బంక కోసం గొడ్డలితో లోతుగా నరికిన చోట కూడా చెట్లు ఎండిపోయాయి.

ఇంకొక మాట, పేర్ల గురించి. సోమిద చెట్టుకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు సోయ్‌మిడా. మన సోమిదే అది. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ తెలుగువాళ్ళు చెప్పిన పేరును రాసుకున్నాడు. రాసుకున్నాడు కాబట్టి అది నిలిచింది. గోండి, కోయ, కొలామీ, చెంచు మాటల్లో మన పెద్దలు చెట్లను పిలిచే పేర్లు ఎంతమంది రాసుకున్నారు? ఆ పెద్దలతోపాటే ఆ పేర్లూ పోతున్నాయి.

కాబట్టి సంఘం తరఫున మూడు పనులు పెట్టుకున్నాం. ఒకటి, ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరం ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని పది చెట్ల పేర్లు, వాటి వాడకం రాసుకొద్దాం. రెండు, గ్రామసభ ఒప్పుకుంటే, అటవీ శాఖ అనుమతితో, తల్లిచెట్టు వివరాలతో సహా గింజలు తెచ్చి, తీసుకునే తోటలకు అందిద్దాం. ఇప్ప గింజలు రాలేది ఎండాకాలం చివర, రాలిన వారంలోపే నాటాలి. మూడు, మొలిచిన మొక్కల్లో కొన్ని తిరిగి మన ఊళ్ళకు వెళ్ళాలి. ఆకులు కాల్చకుండా పూలు ఏరడానికి చెట్టు కింద వల కట్టే పద్ధతి ఉంది, అదీ మన వాళ్ళకు చూపిద్దాం.

తోట అడవికి బదులు కాదు. తోటలో ఇప్పచెట్టు ఉంటుంది కానీ తెల్లవారుజామున బుట్ట పట్టుకుని దాని కిందికి వెళ్ళే మన అమ్మ ఉండదు. అడవిలో చెట్టు నిలిచేదాకా దాని వంశం తెగకుండా చూడటమే తోట పని. మన పిల్లలకు ఇప్పపువ్వు లడ్డూ డబ్బా మీది బొమ్మగానే మిగలకూడదు.

జై సేవా! జై ఆదివాసీ!