కూలి కాదు, కృప

(శతాబ్ది కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన మెదక్ మహాదేవాలయమునకు నూరేండ్లు నిండినవి. 1914లో ఆరంభమైన పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠారాధనకు చేరినది. ఇంతటి కట్టడము ఎట్లు లేచినదని అడిగినయెడల మన పెద్దలందరును ఒకే మాట చెప్పుదురు. కరవు కాలములో చార్లెస్ వాకర్ పాస్నెట్ అయ్యగారు ఆకలిగొన్నవారికి పని చూపి, ఆ పనికి తిండి పెట్టిరి. ఆ రాళ్ళు మోసిన చేతులు మన తాతలవి, అవ్వలవి. వారు కష్టపడి తినిరి. అది గౌరవమైన కూలి.

ఆ కూలి విలువ తెలియవలెనన్న ఆనాటి వెట్టిని జ్ఞాపకము చేసికొనవలెను. నైజాము రాజ్యములో దొర కబురంపిన, కూలి అడుగక పోయి పని చేయవలసినదే. చెప్పులు కుట్టి ఇచ్చినను, మూటలు మోసినను చేతికేమియు రాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకును కట్టుబడి చాకిరి చేయవలసియుండెను.

నేడు మూడు మాటలు మీ ముందుంచుచున్నాను: వెట్టి, కూలి, కృప.

పాపము వెట్టివంటిది. త్రాగుట, అబద్ధమాడుట, దొంగిలుట, ఇవియే పాపములని మనము లెక్కింతుము. ఇవి కొమ్మలు, వేరు లోపలనున్నది. దేవుని విడిచిన మనస్సుకు పాపము దొరయై కూర్చుండును. సారాకు లోబడినవాడు రేపు మానెదననును, మానలేడు. అన్నదమ్ముల మీద పగ పెంచుకొన్నవాడు ఆ పగకే రాత్రింబగళ్ళు చాకిరి చేయును. చాకిరి పెరుగును గాని అప్పు తీరదు. ఈ దొర తుదకు ఇచ్చు జీతము మరణమేయని పౌలు రోమీయులకు వ్రాసెను.

ఈ దాస్యములో గొప్పకులము, తక్కువకులము అను భేదము లేదు. పుట్టుకనుబట్టి అపవిత్రులని లోకము మన పూర్వులను ఊరి వెలుపల ఉంచినది. సువార్త ఆ లెక్కను కొట్టివేసినది. పాపులు అందరును, ప్రేమింపబడినవారును అందరే. మన పూర్వులు ఈ మాట విని తల యెత్తి నడచిరి.

అయితే వెట్టి తప్పిన పిమ్మట మనకు మరియొక శోధన కలదు. దేవుని మేస్త్రీగా చేసికొని, ఆయనయొద్ద కూలి అడుగుదుము. నా తప్పు నేనే ఒప్పుకొనెదను. కొన్నేండ్ల క్రిందట నా భార్య మంచము పట్టినది. ఒక రాత్రి ఆమె ప్రక్కన కూర్చుండి నేను ప్రార్థన చేయలేదు, లెక్క వేసితిని. ఇన్నేండ్లు సంఘపెద్దగా ఉంటిని, పంట కానుక తప్పలేదు, ఆదివారము మానలేదు, ప్రభువా, దీనికి ఇదేనా ఫలము? నా వ్రేళ్ళు కదలుట చూచి ఆమె, “ఏం లెక్క పెడుతున్నరు?” అని అడిగినది. నాకు సిగ్గు కలిగినది. నేను తండ్రియొద్ద లేను; హాజరుపట్టీ పట్టుకొని మేస్త్రీయొద్ద నిలిచియున్నాను.

మనకు సువార్త తెచ్చిన వెస్లియన్ మిషనుకు ఏ భక్తుని పేరు వచ్చినదో, ఆ జాన్ వెస్లీ గారును ఈ త్రోవనే నడచిరి. ఆక్స్‌ఫర్డులో ఉపవాసములుండిరి, చెరసాలలోని వారిని దర్శించిరి. 1735లో అమెరికాలోని జార్జియాకు సేవకు పోయిరి. సమాధానము మాత్రము దొరకలేదు. 1738 మే 24న లండనులో ఒక చిన్న కూటమిలో, రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను ఒకరు చదువుచుండగా విని, తన క్రియలను గాక క్రీస్తునే నమ్ముకొనిరి. ఆనాడు ఆయన హృదయము వెచ్చబడినది.

మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుని చూడుడి. ప్రొద్దుననే వచ్చినవారికిని, సాయంకాలము వచ్చినవారికిని ఒక్కొక్క దేనారమే ఇచ్చెను. మేస్త్రీ లెక్కకు అది అన్యాయము. కాని సాయంకాలము వరకు ఎవరును పనికి పిలువనివానిని, వాని ఆకలిని ఎరిగినవారికి అది కృప. సిలువమీద ప్రభువు మన అప్పును తానే తీర్చెను గనుక కృప మనకు ఉచితము. ఆయనకు మాత్రము ప్రాణము ఖరీదైనది.

అట్లయిన విశ్వాసమేమి? అదియు మన పనియేనా? మన దేవాలయములోని రంగుటద్దముల కిటికీలను చూచియున్నారు గదా. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము వాటిలో కనబడును. ఆ అద్దము తనంతట తాను వెలుగును పుట్టించదు. వెలుపలనుండి సూర్యుడు ప్రకాశించినప్పుడే లోపలివారికి ఆ చిత్రములు కనబడును. ప్రొద్దుగ్రుంకిన తరువాత కనబడవు. విశ్వాసమును అట్టిదే. అది వెలుగును చేయదు, వచ్చు వెలుగును లోనికి రానిచ్చును. కృపచేతనే, విశ్వాసముద్వారా రక్షణయనియు, అతిశయమునకు చోటు లేదనియు ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయము బోధించుచున్నది.

ఇక మంచిపనులు అక్కరలేదా అని కొందరడుగుదురు. అక్కరయే. కూలివాడు ప్రొద్దుగ్రుంకగానే పార దించును. ఇంటి కొడుకు ప్రొద్దుగ్రుంకినను పశువులకు మేత వేసి గాని పండుకొనడు. వానికి కూలి లేదు, ఇల్లు వానిది. రక్షింపబడినవాని పనియు అట్టిదే.

ప్రియులారా, ఒక్క మాటతో ముగింతును. లూకా సువార్తలోని పెద్ద కుమారుడు తండ్రి ఇంటనే ఉండి కూలివానివలె లెక్క చెప్పెను గనుక, తిరిగి వచ్చిన తమ్ముని చూచి సంతోషింపలేకపోయెను. మన సంఘములో పడిపోయి తిరిగి వచ్చువాడు గుమ్మమునొద్ద నిలుచునప్పుడు మనమేమి చేయుచున్నాము? హాజరుపట్టీ విప్పుచున్నామా, ప్రక్కకు జరిగి చోటిచ్చుచున్నామా?

ప్రభువు బల్లయొద్ద మోకరించునప్పుడు అందరి అరచేతులును ఖాళీగానే చాచుదుము. దేవాలయము కట్టినవారి మనుమడును, నిన్న బాప్తిస్మము పొందినవాడును ఒక్క ముక్క రొట్టెయే అందుకొందురు. నూరేండ్ల క్రిందట మన పెద్దలు ఈ గోడలు కట్టి కూలి పొందిరి. ఈ గోడల లోపల వారు పొందినది కృప. మనకును అదియే చాలును. ఆమేన్.