మన సీమలో రాలిన ఆకాశపుటినుము



విశాఖపట్టణపు ఆటోనగరులో అడుగిడినవానికి ఎటు చూచినను ఇనుమే కనబడును. లేతులనుండి రాలిన రజను, పాత లారీల చట్రములు, తుప్పుపట్టిన ఇరుసులు కుప్పలు పడియుండును. ఉక్కు కర్మాగారమును చేరువనే కలదు. అట్టి సీమవారమైన మనకు, ఆకసమునుండియు ఇనుము రాలినదన్న వింతగా తోపక మానదు. అయినను అది నిజము.

1870వ సంవత్సరము జనవరి 23వ తేదీని, నాటి విశాఖపట్టణము జిల్లాలోని పార్వతీపుర ప్రాంతమున, నెడగొల్ల యనుచోట ఒక యినుపముద్ద దివినుండి పడినది. తూకము నాలుగు కిలోగ్రాముల పైచిలుకు. ఆకసమునుండి పడునవి చాలవరకు రాళ్ళే. పడుచుండగా జనులు చూచిన యినుము మిక్కిలి యరుదు. 1852లో ఇదే తేదీని నెల్లూరు సీమయందలి యాటూరున రాయి పడినది. ఇందుకై పంచాంగము తిరుగవేయ బనిలేదు, అది కాకతాళీయము.

మన పూర్వులు వీనిని ఎరుగకపోలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కలకొక యధ్యాయమే కేటాయించి, ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార యని యైదు విధములుగా విభజించెను. మహాధ్వనితో భూమిపై బడునది అశని. ఆయన చెప్పిన ఫలముల మాట యటుంచుడు. ఆ విభాగమున శ్రద్ధతో చూచినవాని కన్ను కలదు. ఐరోపాలోనో, 1803లో ఫ్రాన్సు దేశమున వేలకొలది రాళ్ళు కురిసి, బియో యను శాస్త్రజ్ఞుడు విచారించి చెప్పువరకు పండితులలో పెక్కండ్రు నమ్మనేలేదు. అంతకుమున్నే, 1621లో జలంధరు ప్రాంతమున బడిన యినుముతో జహంగీరు చక్రవర్తి కత్తులు చేయించెను. కేవలము ఆ యినుము సమ్మెటదెబ్బకు నిలువక పగులగా, మూడుపాళ్ళకు ఒకపాలు మామూలు ఇనుము కలిపిరట!

మరల మన నెడగొల్ల యినుము. 2022లో జర్మనీ దేశపు మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అందలి లోహముల పరమాణుభేదములను పరీక్షించిరి. సూర్యునికి చేరువను పుట్టిన గోళములది యొక జాతి, గురుగ్రహమునకు ఆవల పుట్టినవానిది వేరొక జాతి. ఈ యినుమున రెండు జాతుల లక్షణములును కలిసియున్నవి. సూర్యకుటుంబపు బాల్యమున అట్టి రెండు గోళములు ఢీకొని కరగి కలిసినందున ఇది పుట్టినదని వారి నిర్ణయము. మన పొలమున బడిన ముద్ద చెప్పిన కథ ఇది. మనలో నెందరు వినిరి?

అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున 1961 నుండి దీనికై ఒక పరిశోధన కేంద్రమే కలదు. కాని యెంతటి కేంద్రమైనను చేయునదేమి, రాయి పడిన యూరివారు దానిని దాచియిచ్చినగదా!

నల్లని పలుచని పొర, పరిమాణమునకు మించిన బరువు, అయస్కాంతమునకు అంటుట, ఇవి ముఖ్యమైన గుర్తులు. నురుగువలె బొరియలున్నది కొలిమి కిట్టమే కావచ్చును. నిజముగా రాయి పడినచో పగులగొట్టి పంచుకొనవలదు, నీట కడుగవలదు. బీహారులోని అంధరాయందు 1880లో పడినదానికి జనులు గుడి కట్టిరి; వారిని నేను పరిహసింపను, పగులగొట్టుటకంటె అదియే మేలు. అయితే రాతిలోని కొన్ని సూక్ష్మపదార్థములు దినములలోనే క్షీణించును. కావున ఆలసింపక శుభ్రమైన సంచిలో పెట్టి, పడిన చోటు, వేళ వ్రాసికొని, తహశీల్దారు మూలమున కలకత్తాలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలియజేయుడు.