క్రీడాకారిణులు – ఊపిరి సాధన
(లింగంపల్లిలో చేసిన ప్రసంగపాఠము)



మన లింగంపల్లికి సమీపమున, గచ్చిబౌలి బాలయోగి క్రీడాప్రాంగణమున 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినవి. అంతకు ముందే, 2000లో, శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోల బరువులెత్తి కాంస్యపతకము గెలిచిరి. నేడు మన బాలికలును పరుగెత్తుచున్నారు, బరువులెత్తుచున్నారు. ఇది మనకు గర్వకారణము.

అయితే దుమికినపుడు, బరువెత్తినపుడు కొందరికి మూత్రము చుక్కలుగా జారును. ప్రసవము కాని కన్యలకును ఇది కలుగవచ్చును. సిగ్గుచే తల్లికైనను చెప్పక, నీరు త్రాగుట తగ్గించి, తుదకు ఆటయే మానుకొనువారున్నారు. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. సాధనచే చక్కబడదగిన బలహీనత.

కారణమేమి? కటికి అడుగున మూత్రాశయమును, గర్భాశయమును మోయు కండరములు గలవు. ఊపిరి పీల్చినపుడు ఉదరవితానము దిగును; దానితో ఈ కండరములును కొంత దిగును. విడిచినపుడు రెండును పైకి లేచును. ఊపిరి బిగబట్టి బరువెత్తినచో అడుగున ఒత్తిడి హెచ్చును.

కావున వెల్లకిల పరుండి, మోకాళ్లు ముడిచి, పొట్ట వదలి ముక్కుతో గాలి పీల్చవలెను. మెల్లగా విడుచుచు, మూత్రము నాపునట్లు ఆ కండరములను పైకి బిగించి, ఐదు లెక్కించి, పూర్తిగా వదలవలెను. పదేసి మార్లు, దినమునకు మూడు పూటలు చాలును. మూత్రవిసర్జన సమయమున మాత్రము చేయరాదు. అలవడిన పిదప, ఊపిరి విడుచుచు బరువెత్తుట నేర్వవలెను. ఈ బిగింపు సాధనను 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రకటించెను. మూడు మాసములు విడువక చేయవలెను. నొప్పి యున్నచో బిగింపు మాని, వైద్యురాలిని సంప్రదింపవలెను.

తల్లులారా, ఉపాధ్యాయినులారా! బాలిక తానై చెప్పువరకు వేచియుండక, మనమే ఆదరముతో అడుగుదము. ఒక్క మాటతో ఆమె ఆట నిలుచును.